నీళ్ళలోకి నెట్టకండి

పులికాట్ నుంచి ఎన్నూరు దాకా సాగే ఇసుక తీరంలో జనవరి, ఫిబ్రవరి నెలల్లో పొద్దున్నే నడిచేవాళ్ళకు ఒక్కోసారి పెద్ద సముద్రపు తాబేలు కనిపిస్తుంది. అలల అంచున సగం ఇసుకలో కూరుకుపోయి, కదలకుండా పడి ఉంటుంది. నిమిషాల్లో నలుగురు చేరతారు. కూర్మావతారమని ఒకరు దండం పెడతారు. ఇంకొకరు సెల్‌ఫోన్ తీస్తారు. కాసేపటికి ఎవరో పెద్దాయన "పాపం, నీళ్ళలోకి వదిలేద్దాం, తలా ఓ చెయ్యి వెయ్యండి" అంటాడు. అందరూ కలిసి నెట్టి, అల దాన్ని లాక్కుపోయేదాకా చూసి, పుణ్యం చేశామనుకుంటూ ఇళ్ళకు పోతారు. ఇంత మంచి మనసుతో చేసే ఇంత చెడ్డ పని మరొకటి ఉండదేమో.

ఆ తీరం ఉన్న తమిళనాడులోని తిరువళ్ళూరు జిల్లా అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది తిరుత్తణి కొండ. 1960 ఏప్రిల్ 1న సరిహద్దులు మారేదాకా తిరుత్తణి మన చిత్తూరు జిల్లాలోనే ఉండేది. ఆ చుట్టుపక్కల ఇప్పటికీ చాలా ఇళ్ళలో తెలుగే. అయితే ఈ జిల్లాకు సముద్రం కూడా ఉంది. తూర్పు అంచున పులికాట్ సరస్సు, అంటే మన ప్రళయకావేరి, దాన్ని ఆనుకుని బంగాళాఖాతం. పళ్ళిపట్టు మీదుగా పారే కుశస్థలి పూండి జలాశయం దాటి ఎన్నూరు దగ్గర సముద్రంలో కలుస్తుంది. పిచ్చాటూరు వైపు నుంచి వచ్చే అరణియార్ పులికాట్‌లోకి చేరుతుంది. కొండ దగ్గర వాగులో పడేసిన పాలిథిన్ సంచి ఒక మంచి వాన కురిస్తే ఎక్కడికి చేరుతుందో వేరే చెప్పనక్కర్లేదు. ఆ సంచి సంగతి మళ్ళీ వస్తుంది.

ఈ తీరానికి వచ్చే తాబేళ్ళలో ఎక్కువ భాగం ఆలివ్ రిడ్లేలు. డిప్ప రెండడుగుల పైచిలుకు, బరువు 35 నుంచి 45 కిలోలు. భారతదేశపు సముద్రాల్లో కనిపించే అయిదు రకాల సముద్రపు తాబేళ్ళలో ఇవే కాస్త ఎక్కువ. పచ్చ తాబేలు, గద్దముక్కు తాబేలు ఈ తీరంలో ఎప్పుడో ఒకటి వలలో పడతాయి. ఎక్కువన్నంత మాత్రాన రిడ్లేకు ధీమా లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దీన్ని మొదటి షెడ్యూలులో పెట్టింది, అంటే పులికి ఉన్న రక్షణే దీనికీ ఉంది. గుడ్డులోంచి బయటపడ్డ వెయ్యి పిల్లల్లో ఒక్కటి పెద్దదైతే గొప్ప అని జీవశాస్త్రవేత్తల అంచనా. ఆ ఒక్కటి గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్ళకు పైగానే పడుతుంది. కాబట్టి ఒడ్డున పడి ఉన్న ఆ నలభై కిలోల ప్రాణి వెనక, బతకలేకపోయిన తోబుట్టువులు వందల సంఖ్యలో ఉన్నాయి.

అది ఒడ్డుకెందుకు వచ్చింది? ఆడ తాబేలు గుడ్లు పెట్టడానికి వస్తుంది. ఎక్కువగా రాత్రిపూట వస్తుంది, గంటలోపే గొయ్యి తవ్వి, నూరు గుడ్ల దాకా పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతుంది. దాని దారి దానికి తెలుసు, మన సాయం అక్కర్లేదు. పెద్దయిన మగ తాబేలు మాత్రం మామూలుగా జీవితంలో ఒడ్డెక్కదు. మగదాన్ని గుర్తుపట్టడం తేలిక. తోక పొడుగ్గా డిప్ప దాటి బయటికి ఉంటుంది. ఆడదాని తోక పొట్టిది, డిప్ప కిందే ఉండిపోతుంది. పొడుగు తోక తాబేలు ఒడ్డున కనిపించిందంటే దానికి ఒంట్లో బాగాలేదని కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. పట్టపగలు కదలకుండా పడి ఉన్న ఆడ తాబేలుకైనా అంతే.

మనం మరిచిపోయే సంగతి ఒకటుంది. నీళ్ళలో బతికేదైనా తాబేలు చేప కాదు. దానికి మొప్పలు లేవు, మనలాగే ఊపిరితిత్తులతో గాలి పీల్చుకోవాలి. నెమ్మదిగా ఈదుతూ, అడుగున విశ్రాంతి తీసుకుంటూ ఉంటే గుండె వేగాన్ని తగ్గించుకుని గంటల తరబడి ఊపిరి బిగపట్టగలదు. వలలో చిక్కినప్పుడు ఈ లెక్క పూర్తిగా తారుమారవుతుంది. బయటపడాలని గింజుకుంటుంది. కండరాలు ఉన్న ఆక్సిజన్‌ను నిమిషాల్లో మింగేస్తాయి. రక్తంలో లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది. మరబోటు వెనక కట్టిన ట్రాల్ వలను అడుగున లాగే సమయం గంట దాటితే తాబేళ్ళ చావులు ఒక్కసారిగా పెరుగుతాయని 1990లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి నివేదిక తేల్చింది. ప్రాణంతో బయటపడినా ఆ ఆమ్లం రక్తంలోంచి పోవడానికి ఇరవై గంటల దాకా పట్టవచ్చని లాగర్‌హెడ్ అనే రకం సముద్రపు తాబేళ్ళ మీద చేసిన పరిశోధన చెప్పింది. అంతదాకా అది లోతుకు సరిగా మునగలేకపోవచ్చు, మునిగినా తిరిగి పైకి రాలేకపోవచ్చు. అలాంటిదాన్ని మనం అలల్లోకి తోస్తున్నాం.

ఇంకో చిత్రం ఉంది. మునిగి ఊపిరాడక స్పృహ తప్పిన తాబేలు అచ్చం చచ్చినదానిలాగే ఉంటుంది. కాళ్ళు వాలిపోతాయి, మెడ వేలాడుతుంది, ఊపిరి ఆడుతున్న జాడ తెలియదు. గుండె మాత్రం లోపల ఎక్కడో కొట్టుకుంటూనే ఉంటుంది. అమెరికా మత్స్యశాఖ నిబంధనలు ఇలాంటివాటికి ఒక పద్ధతి చెబుతాయి. బోర్లానే ఉంచాలి, వెల్లకిలా తిప్పకూడదు. వెనకభాగాన్ని కనీసం ఆరంగుళాలు ఎత్తుగా పెట్టాలి, ఊపిరితిత్తుల్లో నీళ్ళు నోటి వైపు జారి బయటికొస్తాయి. నీడలో, ఒంటిని తడిగా ఉంచాలి. మధ్యమధ్యలో కనురెప్పను సుతారంగా తాకి, తోకను చిన్నగా గిల్లి చలనం ఉందో లేదో చూడాలి. నాలుగు గంటల నుంచి ఇరవై నాలుగు గంటల దాకా ఇలా కనిపెట్టుకుని ఉండాలి. ఒక రోజంతా చచ్చినట్టు పడి ఉన్న ప్రాణి సాయంత్రానికి తలెత్తి బుస్సుమని గాలి వదలడం అసాధ్యమేమీ కాదు.

2014లో స్పెయిన్‌లోని వలెన్సియా నుంచి వచ్చిన పరిశోధన మరో చిక్కు బయటపెట్టింది. లోతు నుంచి గబగబా పైకొచ్చే గజ ఈతగాళ్ళకు రక్తంలో నత్రజని బుడగలు కట్టి ప్రాణం మీదికి వస్తుంది. సోడా సీసా మూత తీసినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. తాబేళ్ళకు ఈ బాధ ఉండదని అప్పటిదాకా అందరూ అనుకున్నారు. తమంతట తాము మునిగి లేచేటప్పుడు నిజంగానే ఉండదు. వలలో చిక్కి, బెదిరి, వలతోపాటు పైకి వచ్చేటప్పుడు మాత్రం వాటి రక్తనాళాల్లోనూ బుడగలు కడుతున్నాయని డానియెల్ గార్సియా పార్రాగా బృందం ఎక్స్‌రేలతో, స్కానింగులతో చూపించింది. డెక్ మీద చురుగ్గా కనిపించిన తాబేలు గంటల తర్వాత కూలబడటానికి ఇదొక కారణం. వల కోసి వదిలిపెట్టిన మత్స్యకారుడు అది బతికిందనే అనుకుంటాడు. అతని తప్పేమీ లేదు, కళ్ళకు కనిపించేది అంతే.

పునరావాస కేంద్రానికి చేరిన తాబేలును అందుకే తేగానే నీళ్ళ తొట్టిలో వేయరు. ముందు మెత్తని ఫోమ్ మీదో పాత టైరు మీదో బోర్లా ఉంచుతారు. కళ్ళు ఎండిపోకుండా మందు రాస్తారు, ముక్కు వదిలేసి ఒళ్ళంతా తడిగుడ్డ కప్పుతారు. మెడ పైభాగంలో, వెన్నెముకకు ఇరువైపులా ఉన్న సిరలోంచి కొద్దిగా రక్తం తీస్తారు. రక్తహీనత, చక్కెర, ఆమ్లగుణం చూస్తారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన తాబేళ్ళు చాలావరకు ఒంట్లో నీరు ఇంకిపోయి ఉంటాయి. సముద్రంలో ఉండి దప్పికేమిటని మనకు అనిపిస్తుంది. తాబేలు తాగేది ఉప్పునీళ్ళే. ఎక్కువైన ఉప్పును కళ్ళ దగ్గరి గ్రంథులు చిక్కటి ద్రవంగా బయటికి పంపుతాయి. ఒడ్డు మీద తాబేలు ఏడుస్తోందని మనం అనుకునేది దాన్నే. జబ్బు చేసి తిండి మానేస్తే ఈ ఏర్పాటు కుంటుపడుతుంది. అప్పుడు ద్రవాలు ఎక్కించాల్సిందే.

ఆ తర్వాత మంచినీటి స్నానం. వారాల తరబడి పైకి తేలి తిరిగిన తాబేలు డిప్ప నిండా బార్నకిల్స్ అనే గుల్లజీవులు, నాచు, జలగలు పట్టి ఉంటాయి. మంచినీళ్ళు తగిలితే ఉప్పునీటి జీవులు చచ్చి రాలిపోతాయి. గోళ్ళతో పెరికితే కింద డిప్ప ఊడొస్తుంది. కొత్తగా చేరిన వలంటీర్లకు చేతులు ఊరుకోవు కాబట్టి ఈ మాట మొదటి రోజే గట్టిగా చెబుతారు.

వైద్యుల సహనానికి అసలు పరీక్ష మందుల దగ్గర మొదలవుతుంది. తాబేలు శీతల రక్త జంతువు. ఒంటి వేడి చుట్టూ ఉన్న నీటి వేడిని బట్టి ఉంటుంది, ఒంట్లో జరిగే పనులన్నీ ఆ వేడిని బట్టే నడుస్తాయి. మనుషులకు రోజుకు రెండు మూడు సార్లు ఇచ్చే సెఫ్టాజిడిమ్ అనే యాంటీబయాటిక్‌ను తాబేలుకు 72 గంటలకు ఒకసారి ఇస్తారు. గాయం మానడమూ అంతే నిదానం. మన చర్మానికి వారాల్లో పట్టే పని తాబేలు డిప్పకు నెలలు, ఒక్కోసారి ఏడాది పైనే పడుతుంది. మత్తు ఇవ్వడం మరో తలనొప్పి. ఊపిరి బిగపట్టే జంతువుకు మత్తు వాయువు ఎక్కదు, ఎక్కితే దిగదు. ఆపరేషన్ అయ్యాక గంటల తరబడి గొట్టంతో గాలి అందిస్తూ పక్కనే కూర్చోవాలి.

డిప్ప పగిలిందంటే పైపెంకు పగిలినట్టు అనుకుంటాం. తాబేలు డిప్ప దాని పక్కటెముకలూ వెన్నెముకా కలిసి పరుచుకున్న ఎముక. పైన మన గోళ్ళలాంటి పదార్థంతో పలకలు ఉంటాయి. సరిగ్గా దాని కిందే ఊపిరితిత్తులు అతుక్కుని ఉంటాయి. పడవ ప్రొపెల్లర్ తగిలి డిప్ప చీలిందంటే ఊపిరితిత్తో వెన్నుపామో తెగి ఉండొచ్చు. పగుళ్ళు శుభ్రం చేసి, చచ్చిన ఎముక తీసేసి, పలకలతో, జిగురుతో బిగించి కడతారు. గాయాలకు తేనె పట్టించడం ప్రపంచంలో చాలా కేంద్రాల్లో మామూలే. ఫ్లోరిడాలో 1986లో మొదలైన తాబేళ్ళ ఆస్పత్రిలోనూ వాడారు. తేనెలో నీటిశాతం తక్కువ కాబట్టి బాక్టీరియా పెరగదు, తడిలోనూ పుండుకు పట్టి ఉంటుంది. మన నాయనమ్మలకు ఈ సంగతి కొత్త కాదు.

ఊపిరితిత్తి చిరిగితే గాలి బయటికి కారి డిప్ప కింద చేరుతుంది. తాబేలు ఒక పక్కకు ఒరిగి తేలిపోతుంది, మునగమన్నా మునగదు. మునగలేని తాబేలుకు తిండి దొరకదు. ఎండకు డిప్ప కాలుతుంది, ఏ పడవ వచ్చి గుద్దినా తప్పుకోలేదు. తేలడానికి మరో కారణం కడుపు. మింగిన ప్లాస్టిక్ పేగులో అడ్డుపడితే వెనక చేరిన తిండి పులిసి గ్యాసు తయారవుతుంది. కుశస్థలిలో కొట్టుకొచ్చిన ఆ సంచి ఇక్కడికే చేరింది. నీళ్ళలో తేలే పాలిథిన్ సంచికీ జెల్లీ చేపకీ తాబేలు కళ్ళకు పెద్ద తేడా లేదు. గ్యాసు పోయేదాకా కొన్ని కేంద్రాల్లో పైకి లేచే పక్కన డిప్పకు చిన్న బరువులు అతికిస్తారు. బరువుతోనైనా అడుగుకు వెళ్ళి తిండి తింటే పేగు కదులుతుంది.

వల దారం చుట్టుకుని నలిగిన తెడ్డుకాలు విషయంలో మనకు కలిగే భ్రమ ఇంకా పెద్దది. తాడు కోయగానే కాలు విడుదలైంది, పని అయిపోయిందని అనిపిస్తుంది. రక్తం అందక చచ్చిన కండ మొదటి రోజు బాగానే కనిపిస్తుంది. నాలుగైదు రోజులకు నల్లబడి కుళ్ళడం మొదలవుతుంది. అప్పటికి తాబేలు సముద్రంలో ఉంటే చీము ఒళ్ళంతా పాకుతుంది. కేంద్రంలో ఉంటే కాలు తీసేసి ప్రాణం నిలబెడతారు. మూడు కాళ్ళతో తాబేలు బతుకుతుందా అంటే బతుకుతుంది. ముందు తెడ్లు రెండూ ఈతకు బలమిచ్చేవి. ఒకటి పోతే రెండోదాంతో, వెనక కాళ్ళతో సర్దుకుని తిన్నగా ఈదడం నేర్చుకుంటుంది. వెనక కాళ్ళు పోయిన ఆడ తాబేలు గుడ్లకు గొయ్యి తవ్వలేదు. ముందు తెడ్లు రెండూ పోయినదాన్ని మామూలుగా వదలరు, అది తొట్టిలోనే ముసలిదైపోతుంది. అలాంటి బతుకు బతుకేనా అన్న ప్రశ్నకు పశువైద్యుల్లోనే ఏకాభిప్రాయం లేదు. నన్నడిగితే, నొప్పి లేకుండా పంపించేయడమే దయ అనిపించే సందర్భాలు కొన్ని ఉన్నాయి.

చెన్నై తీరంలో ఈ పని కొత్తగా పుట్టింది కాదు. 1970ల మొదట్లో రోమ్యులస్ విటేకర్, మద్రాసు స్నేక్ పార్కు బృందం రాత్రుళ్ళు తీరం వెంట నడిచి తాబేలు గుడ్లను కాపాడటం మొదలుపెట్టాయి. 1988 నుంచి విద్యార్థుల బృందం ఒకటి ఆ నడకను ఏటా కొనసాగిస్తోంది. 2002లో సుప్రజా ధారిణి స్థాపించిన ట్రీ ఫౌండేషన్ ఇంకో అడుగు ముందుకేసి మత్స్యకార గ్రామాల యువకులనే తాబేళ్ళ రక్షకులుగా తయారుచేసింది. గూళ్ళు కాపాడటం, గాయపడ్డవాటికి చికిత్స అందించడం దాని పనులు. తమిళనాడుతోపాటు ఆంధ్ర తీరంలోనూ ఆ బృందాలు తిరుగుతున్నాయి. పడమటి తీరంలో మహారాష్ట్రలోని దహాణులో అటవీశాఖతో కలిసి నడిచే తాబేళ్ళ చికిత్సా కేంద్రం ఉంది.

ఇంత చేసినా ఆస్పత్రి లెక్కకూ సముద్రం లెక్కకూ పొంతన లేదు. 2025 జనవరిలో చెన్నై, తిరువళ్ళూరు, చెంగల్పట్టు తీరాల్లో వెయ్యికి పైగా ఆలివ్ రిడ్లేల కళేబరాలు కొట్టుకొచ్చాయి. నీళ్ళలో ఊపిరాడక చనిపోయాయని పోస్టుమార్టం చేసిన పశువైద్యులు చెప్పారు. జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణ బెంచి తనంతట తాను కేసు చేపట్టింది. ఒక తొట్టిలో ఒక తాబేలును ఆరు నెలలు సాకే కేంద్రాలు ఎన్ని కడితే ఆ వెయ్యికి సరిపోతాయి?

అసలు మందు వల దగ్గర ఉంది. ట్రాల్ వల మెడ దగ్గర ఏటవాలుగా ఒక ఇనుప చట్రం అమరుస్తారు. చువ్వల మధ్య నుంచి రొయ్యలు, చేపలు వెనక్కి పోతాయి, తాబేలు చట్రానికి తగిలి పైనున్న కంతలోంచి బయటపడుతుంది. దీన్ని టెడ్ అంటారు. మన తీరానికి తగ్గట్టు కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఒక నమూనా తయారుచేసింది. ఆ చట్రం లేని వలల్లో పట్టిన రొయ్యలను కొనబోమని అమెరికా పట్టుబడితే భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకు వెళ్ళాయి. 1998లో తీర్పు అమెరికాకు వ్యతిరేకంగా వచ్చింది. తాబేలును కాపాడాలనడం తప్పు కాదు, దేశానికో తీరుగా అమలు చేయడమే తప్పు అని ఆ తీర్పు సారాంశం. మనం గెలిచిన ఆ కేసులో మన తాబేలుకు ఒరిగిందేమీ లేదు. కంతలోంచి రొయ్యలు కూడా పోతాయని బోటు యజమానుల భయం, డీజిలు ఖర్చు పెరిగిన రోజుల్లో ఆ భయాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. చట్రం బిగించిన బోటుకు ప్రభుత్వం నష్టం పూడ్చనిదే అది వల మెడకు ఎక్కదు.

నిబంధనలకు కొదవ లేదు. తాబేళ్ళు గుడ్లు పెట్టే నెలల్లో తీరానికి 5 నాటికల్ మైళ్ళ లోపు, అంటే సుమారు 9 కిలోమీటర్ల లోపు, మరబోట్లు వల లాగకూడదని తమిళనాడులో నిబంధన ఉంది. ఏటా 61 రోజుల చేపల వేట నిషేధమూ ఉంది. కాకపోతే తూర్పు తీరంలో అది ఏప్రిల్ 15న మొదలై జూన్ 14న ముగుస్తుంది. తాబేళ్ళు వచ్చేదేమో జనవరి నుంచి మార్చి దాకా. నిషేధం పెట్టింది చేపల సంతతి కోసమే కాబట్టి దాన్ని తప్పుపట్టలేం. తాబేళ్ళు మాత్రం ఆ నిషేధం మొదలయ్యేసరికే వచ్చి, చావగా మిగిలినవి తిరిగి వెళ్ళిపోతున్నాయి.

చికిత్స అయిన తాబేలును వదిలే ముందు చూసేవి కొన్ని ఉన్నాయి. తనంతట తాను మునిగి అడుగున నిలబడాలి, ఒక పక్కకు ఒరగకూడదు. రక్తపరీక్షలు మామూలుకు రావాలి. పీత వేస్తే వెంటపడి పట్టుకోవాలి, మనిషి చేతి నుంచి తిండి కోసం ఎదురుచూడకూడదు. అందుకే మంచి కేంద్రాల్లో తాబేళ్ళను ముద్దుచేయరు, సందర్శకులను తొట్టి దగ్గరికి రానివ్వరు. మీరు వెళ్ళినప్పుడు మిమ్మల్ని దూరంగా నిలబెడితే నొచ్చుకోకండి.

ఇక తీరం వెంట ఉండేవాళ్ళకు, సెలవులకు పులికాట్ వెళ్ళేవాళ్ళకు ఒక మాట. పగటిపూట ఒడ్డున కదలని తాబేలు కనిపిస్తే నీళ్ళలోకి నెట్టకండి, వెల్లకిలా తిప్పకండి, నోట్లో నీళ్ళు పోయకండి. నోటి నుంచి గేలపు దారం వేలాడుతుంటే లాగకండి, లోపల పేగు కోసుకుపోతుంది. తడిగుడ్డ కప్పి, ముక్కుకు గాలి ఆడేలా వదిలి, కుక్కలను తరమండి. అటవీశాఖకు చెప్పండి. వాళ్ళ నంబరు తెలియకపోతే 112కు ఫోన్ చేసి చెప్పండి. ఇంటికి తీసుకెళ్ళడం చట్టప్రకారం నేరం. చచ్చిపోయిందని మీకు అనిపించినా సరే, అటవీ సిబ్బంది వచ్చి చూసేదాకా గొయ్యి తవ్వకండి.